గాలమునకు చిక్కిన చేప ఎవరెవరి పాలు?

మృగశిర కార్తె ప్రవేశించు దినమున మా నిజామాబాదు ప్రాంతపు మాంసాహారుల యిండ్లలో చేపల పులుసు కాగని పొయ్యి అరుదు. జూన్ 7వ తేదీననో, 8వ తేదీననో వచ్చు ఆ దినమున చేప ధర ఆకాశము నంటును. అయినను కొనక మానువారు తక్కువ. వేసవి పోయి తొలకరి చల్లదనము సోకు వేళ శరీరమునకు వేడి నిచ్చు ఆహారము కావలెనని పెద్దలు దానికి కారణము చెప్పుదురు. కారణ మేదైనను, ఆ నాడు వండిన పులుసు ఒక్క యింటి కూరగా నుండదు. పొరుగింటికొక గిన్నె, ఆడబిడ్డ యింటికొక గిన్నె వెళ్ళును.

మేమిప్పుడు ముచ్చటింపబోవునది అంగడిలో కొనిన చేపను గూర్చి కాదు. సెలవు దినమున గాలపు కఱ్ఱ భుజమున వైచుకొని, ఎఱ డబ్బా చేత పట్టుకొని, చెఱువు కట్టకో జలాశయపు టొడ్డుకో వెళ్ళి వినోదార్థము పట్టి తెచ్చిన చేపను గూర్చి. గాలము వేయుటలోని నేర్పును గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. మదరాసు సివిల్ సర్వీసు ఉద్యోగియైన హెన్రీ సల్లివాన్ థామస్ అను నాతడు మన దేశపు చెఱువులలో గాలము వేయు విద్యపై 1887లోనే ఒక గ్రంథము వ్రాసెను. కాని బెండు మునిగి, కఱ్ఱ వంగి, చేప ఒడ్డున పడిన పిమ్మట నేమి చేయవలెను? అది విస్తరిలోనికి వచ్చులోపల గడచు నాలుగైదు గంటల కథ యేమి? దీనిని గూర్చి చెప్పువారు అరుదు. మేము కూడ దానిని చెడగొట్టుకొనియే నేర్చుకొంటిమి.

కొన్ని యేండ్ల క్రిందట, వైశాఖ మాసమున, మేము నలుగురము వేల్పూర్ నుండి తెల్లవారకమునుపే బయలుదేరి శ్రీరాంసాగర జలాశయపు వెనుక నీటి యొడ్డునకు పోతిమి. ఆ దినము అదృష్టము మా పక్షమున నుండెను. ఎండ ముదురులోపల రెండు బొచ్చెలు, ఒక పెద్ద వాలుగ, చేతికి వచ్చినన్ని జెల్లలు దొరకినవి. వాటిని చంపక, మొప్పలలోనుండి త్రాడు దూర్చి, మోకాలి లోతు నీటిలో కట్టియుంచితిమి. బ్రతికియున్నంత సేపు చెడవు గదా యని మా తలంపు. ఒడ్డు దగ్గఱి ఆ నీరు పదకొండు గంటలకే గోరువెచ్చనాయెను. మధ్యాహ్నమున అన్నిటిని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, మోటారు సైకిలు వెనుక కట్టి తిరుగు ప్రయాణమైతిమి. ఆర్మూరులో చాయ త్రాగుటకు ఆగితిమి. ఆగినవారము ఊరకుందుమా! తెలిసినవా రెదురైన కొలది వాలుగ ఎంత పొడవో చేతులు చాచి చూపుచు గంటకు పైగా గడపితిమి.

ఇల్లు చేరి సంచి విప్పినప్పుడు మొదట వాసన వచ్చెను. తరువాత చేపలు కనబడెను. బొచ్చెల పొట్టలు పగిలియుండెను. వాలుగ మాంసము వ్రేలితో నొక్కినచో గుంటపడి అట్లే నిలిచెను. చేయునది లేక పసుపు చేను గట్టున గుంట త్రవ్వితిమి. మాలో నొకని తల్లి ఆ త్రవ్వుట చూచి, "పట్టెటప్పుడు నలుగురే పోతిరి గదరా, పాతిపెట్టెటప్పుడు ఊరంత తెలిసిపాయె" అనెను. అందఱును నవ్విరి. కాని ఆ త్రోవన పోవుచున్న ముసలి బెస్తవా డొకడు మాత్రము నవ్వలేదు. గుంటలోనికి తొంగిచూచి, "పటేలా, గివి మా ఇంట్ల ఉంటె వారం రోజులు ఎల్లుతుండె" అని మెల్లగా అని వెళ్ళిపోయెను. ఆ మాట మాకు నేటికిని గ్రుచ్చుకొనుచునే యున్నది.

ఏమి జరిగినది? చేప చచ్చిన తోడనే దానిని రెండు వైపుల నుండి శత్రువులు ముట్టడించును. ఒక శత్రువు దాని పొట్టలోనే యున్నది. ఆహారమును జీర్ణము చేయు రసములు, ప్రాణము పోయినంత మాత్రమున పని మానవు; ప్రేగుల గోడలను, పొట్ట గోడను జీర్ణము చేయ మొదలిడును. కడుపునిండ మేసిన చేపలో ఈ రసములు అధికముగ నుండును గనుక దాని పొట్ట ముందుగ పగులును. రెండవ శత్రువు సూక్ష్మజీవులు. బ్రతికియున్న చేప మాంసములో నవి యుండవు. చర్మముపై జిగురులోను, మొప్పలలోను, ప్రేగులలోను ఉండి, చేప చచ్చిన పిమ్మట లోనికి చొచ్చుకొని పోవును.

ఈ రెండింటికిని వేడిమి బలము. కరగుచున్న మంచులో, అనగా సున్న డిగ్రీల వద్ద నుంచిన చేప చెడు వేగమును ఒకటి యనుకొన్నచో, 30 డిగ్రీల వేడిలో ఆ వేగము 16 రెట్లకు తక్కువ గాదని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా మంచులో రెండు వారములు నిలుచు చేపకు మన వేసవి నీడలో నిండుగ ఒక్క దినమైనను ఆయువు లేదు. మా జిల్లాలో మే నెల మధ్యాహ్నము 30 డిగ్రీల వద్ద ఆగునా? నలువది దాటుట మామూలు. బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచిలో, ఎండ తగులుచు, ఆ వేడి యెంతయుండునో శ్రోతలే ఊహించుకొనవచ్చును. చలిదేశముల వారు వ్రాసిన పుస్తకములలో చేపను బుట్టలో గడ్డి పఱచి సాయంకాలమునకు ఇంటికి తీసికొనిపోవచ్చునని యుండును. వారి సాయంకాలము వేఱు, మన సాయంకాలము వేఱు.

కావున మొదటి పని, తినదలచిన చేపను పట్టిన తోడనే చంపుట. ఇది క్రూరముగ తోచవచ్చును. కాని మొప్పలకు త్రాడు కట్టి గంటల తరబడి గిలగిల కొట్టుకొననిచ్చుట అంతకంటె క్రూరము. పైగా అట్లు పెనుగులాడిన చేప మాంసములోని సత్తువ ముందే ఖర్చయిపోయి, త్వరగా బిఱ్ఱబిగిసి, త్వరగా మెత్తబడును. కన్నుల మీదుగా నెత్తిన కఱ్ఱతో ఒక్క గట్టి దెబ్బ, మొప్పల దగ్గఱ కత్తితో ఒక గాటు, నెత్తురు కాఱుట, ఇంతే. జపానులో దీనినే ఒక కళగా తీర్చి, సన్నని మొనతో మెదడును పొడిచి, వెన్నులోని నరమును సైతము తీగతో నశింపజేయుదురు. మన కంత పని లేదు. రెండవ పని, నీడ. మూడవ పని, పొట్ట చీల్చి ప్రేగులను, మొప్పలను తీసివేయుట. మొప్పలు తీయుట చాలమంది మరచుదురు. మొదట చెడునవి అవియే. అంగడిలో చేప కొనువారు మొప్పల నెత్తి ఎఱ్ఱదనము చూచుట అందుకే గదా! తీసిన ప్రేగులను చెఱువులో విసరివేయరాదు, గట్టున పాతిపెట్టవలెను.

అన్ని చేపల కొక్క నీతి కాదు. తెలంగాణ తన రాష్ట్ర మత్స్యముగా ఎన్నుకొన్న కొఱ్ఱమీనును చూడుడు. మా వైపున దానిని కొఱ్ఱమట్ట యందురు. మొప్పలు గాక, తల లోపల గాలిని పీల్చుటకు వేఱొక అమరిక దానికి గలదు. చెఱువులో నప్పుడప్పుడు మీదికి వచ్చి గుటుక్కున గాలి మ్రింగి పోవుట అందుకే. చర్మము తడిగా నున్నచో ఇది నీరు లేకయే కొన్ని గంటలు బ్రతుకును. మార్పు చేప కూడ నిట్టిదే. ఈ జాతులకు మంచు పెట్టె అక్కఱలేదు. మూతిపై తడిగుడ్డ కట్టిన కుండ చాలును. కుండలో అడుగున రెండు మూడు వ్రేళ్ళ మందము నీరుంచి, చేప మునిగిపోకుండ, గాలి యాడునట్లు పెట్టవలెను. కుండ నిండ నీరు పోసి మూత బిగించినవారు దానిని ఊపిరాడనీయక చంపిన వారగుదురు. చేపను నీటిలో ముంచి చంపుట అను వింత కొఱ్ఱమట్ట విషయమున సాధ్యమే! ఇక బొచ్చె, రవ్వు, జెల్ల, పరక మొదలగు వాటికి ఈ సౌకర్యము లేదు. అవి ఒడ్డెక్కిన క్షణము నుండి మన గడియారము నడువవలెను.

మంచు దొరకినచో దానిని మించిన దేదియు లేదు. ఉష్ణదేశములలో చేప యెంత తూగునో మంచు నంతయు కావలెనని మత్స్యశాఖల వారు చెప్పుదురు. అయిదు కిలోల చేపలకు గ్లాసెడు మంచు ముక్కలు చల్లి పెట్టె మూయుట మనస్సమాధానమునకే గాని చేపకు కాదు. మంచును చిన్న ముక్కలుగ కొట్టి, అడుగున నొక వరుస, చీల్చిన పొట్టలో కొంత, పైన నొక వరుస వేయవలెను. కరగిన నీరు కాఱిపోవుటకు దారి యుండవలెను. ఆ నీటితోనే నెత్తురు, జిగురు, సూక్ష్మజీవులును కొట్టుకొనిపోవును.

మంచు దొరకని చోట మన పల్లెలయందు తడి గోనె యున్నది. గోనెసంచిని నీటిలో ముంచి పిండి, శుభ్రపఱచిన చేపలను అందులో వదులుగ చుట్టి, గాలి తగులు నీడలో వ్రేలాడదీసినచో, తడి ఆరుచు చేపలోని వేడిమిని లాగుకొనిపోవును. మట్టికుండలో నీరు చల్లబడు సూత్రమే యిది. వేసవిలో మా ప్రాంతపు గాలి పొడిగ నుండును గనుక ఈ యుపాయము చక్కగ పనిచేయును. చినుకులు పడు దినములలో గాలి ముందే తడిసియుండుటచే గోనె ఆరదు, ఆరనిచో చల్లబడదు. మృగశిర వచ్చిన పిమ్మట గోనెను నమ్ముకొనరాదని మేము దెబ్బతిని తెలిసికొంటిమి. గోనె యైనను రెండు మూడు గంటల సాయమే గాని దినమంతయు కాపాడునది కాదు.

ఇంటికి చేరిన చేప విషయమున మా స్త్రీలకు పాఠము చెప్ప సాహసింపము. ఆర్మూరు, వేల్పూర్ ప్రాంతము పసుపునకు ప్రసిద్ధి. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించుట ఇక్కడి బిడ్డలు నడక నేర్చినంత సహజముగ నేర్తురు. ఉప్పు ముక్కలోని నీటిని పైకి లాగును. తడి తగ్గిన చోట సూక్ష్మజీవులకు బలము తగ్గును. చింతపండు పులుపు కూడ వాటికి గిట్టదు. చేపల పులుసు మఱునాటికి మఱింత రుచియగునని మనవా రనుట ముక్కకు పులుపు, కారము పట్టుటవలన. అంత మాత్రమున పులుసునకు ఆయువు కలదని కాదు. ఫ్రిజ్జు లేని యింట వేసవి రాత్రి పులుసును మఱునాటికి ఉంచుట జూదమే. ఉంచినచో ఉదయమున తప్పక మఱిగించి, మధ్యాహ్నములోపల ముగింపవలెను.

ఫ్రిజ్జు గల యిండ్లవారు దానిని భోషాణముగ భావించుదురు. దాని లోపలి చల్లదనము సాధారణముగ నాలుగైదు డిగ్రీలు. మంచులో నున్నదానికంటె అచ్చట చేప రెండు రెట్ల వేగముతో చెడును. శుభ్రపఱచి ఉప్పు పసుపు పట్టించిన ముక్కలను రెండు దినములకు మించి అందుంచరాదు. అంతకంటె ఎక్కువ కాలము కావలెనన్న, పై యఱలో గడ్డకట్టించవలెను. అట్లు గడ్డకట్టించునపుడు ఒక్క పూట వంటకు సరిపోవునంత ఒక్కొక పొట్లముగ కట్టుట మేలు. పెద్ద గడ్డను కరగించి, సగము వండి, సగమును మఱల గడ్డకట్టించువా రున్నారు. అది మంచి పద్ధతి కాదు.

ఎండబెట్టుట మఱియొక దారి. పరకల వంటి చిన్న చేపలకు అది తగును. పెద్దవాటిని వీపు వైపునుండి చీల్చి పఱచి, మూడు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు పట్టించి, ఒక రాత్రి ఉంచి, నేల తగులకుండ మంచెపైనో త్రాటిపైనో ఆరవేయవలెను. వానకాలపు మబ్బులో ఈ పని పెట్టుకొనరాదు. ఈగలే లాభపడును.

ఇన్ని యుపాయములు చెప్పితిమి గాని, మంచు యంత్రములు పుట్టకమునుపు ఈ వేడి దేశమున పెద్ద చేపను కాపాడిన ఉపాయము వీటిలో నేదియు గాదు. అది పంపకము. అయిదు కిలోల బొచ్చెను ఒక యింట మూడు దినములు ఉంచుట అసాధ్యము; అదే బొచ్చెను ఆరిండ్లలో ఒక్క పూటలో ముగించుట సులభము. నేడు మన చేప పొరుగు కుండలో పడినచో, ఇంకొక నాడు వారి చేప మన కుండలోనికి వచ్చును. ఏ మంచు పెట్టెకైనను ఇంత నమ్మకమైన మూత లేదు. గోదావరి దిగువన కోస్తా జిల్లాలలో పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గలదు. అంత ప్రియమైన పులసను కూడ అచ్చటివారు ఒంటరిగ తినరు. పులుసు గిన్నెలలోనికెత్తి దూరపు చుట్టములకు సైతము పంపుదురు. ఎంతో పేరాసగలవాడైనను చేప విషయమున ఉదారుడగుటకు మన యెండ కూడ కొంత కారణమని మేము నమ్ముచున్నాము.

అయితే, పంచుకొనుట యనగా మా నలుగురిలో మేము పంచుకొనుటయేనా? ఆ ముసలివాని మాట మమ్ము తొలిచినది ఇక్కడనే. చెఱువు నీరు ఎవరిది, అందలి చేప ఎవరిది అను ప్రశ్నకు మేమెన్నడును జవాబు వెదకియుండలేదు. 1923లో మంజీర నదిపై ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము బోధను ప్రాంతమునకు చెఱకు తోటల నిచ్చినది. దానితోపాటు చేపల నిచ్చినది. 1963 జూలై 26వ తేదీన పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగరము. ఈ జలాశయములను, గ్రామ గ్రామమునను గల చెఱువులను నమ్ముకొని గంగపుత్రులు, ముదిరాజులు మొదలగువారు మత్స్యకారుల సహకార సంఘములుగ నేర్పడి బ్రతుకుచున్నారు. చెఱువులో చేపలు పట్టుకొను హక్కు సంఘమునకు చెందును. 2016 నుండి రాష్ట్ర ప్రభుత్వము చేప పిల్లలను చెఱువులలో ఉచితముగ విడుచుచు వచ్చినది. వానకాలమున వ్రేలెడంత యున్న పిల్లలను విడిచి, మత్తడి దూకినపుడు కొట్టుకొనిపోకుండ అడ్డు కట్టి, రాత్రులు కాపలా కాచి, వేసవిలో వలలు దింపి, వచ్చిన దానిని సభ్యులు పాళ్ళు వేసికొందురు. రైతునకు చేను ఎట్టిదో వారికి చెఱువట్టిది. ఇతరుల మక్కచేనిలో దూరి కంకులు విఱుచుకొనిపోవు వానిని వినోదార్థము వచ్చినవాడని మనము మన్నింతుమా?

గాలము వేయువారందఱు దొంగలని మా యుద్దేశము కాదు. ముందుగ అడిగినచో కాదనువారు తక్కువ. ఒకటి రెండు చేపలకు వారు చేయి అడ్డుపెట్టరు. కొందఱు ఏ మూల కొఱ్ఱమట్టలు తిరుగునో కూడ చెప్పుదురు. అడుగక వేయుటయే వారికి కష్టము. ఇక చెఱువులో విషము కలుపుట, తూటాలు పేల్చుట వంటివి వినోదమును కావు, వేటయు కావు. 1897 నాటి భారత మత్స్య చట్టమే వాటిని నేరములుగ నిషేధించినది. ఒక్క తూటా పేలినచో పెద్ద చేపలతోపాటు ఆ యేటి పిల్లలన్నియు నశించును. పంచుకొనుటకు మఱుసటి సంవత్సర మేమియు మిగులదు.

పట్టిన చేపను మఱల నీటిలో విడుచుట అను పద్ధతి నేడు లోకమంతట ప్రబలినది. మన పొరుగు కర్ణాటకమున కావేరి నదిపై, పెద్ద మూపు గల మహసీరు చేపలను పట్టి, తూచి, విడిచిపెట్టు శిబిరములు చాలకాలము నడచినవి. ఆ జాతి నేడు అంతరించిపోవు ప్రమాదము మిక్కిలిగ గల వాటిలో చేరినది. అట్టి చేపను విడుచుటయే ధర్మము. కాని మన చెఱువులలో, మన ఎండలో, విడుచుటకు కూడ ఒక సమయము, ఒక పద్ధతి గలవు. నీరు వేడెక్కిన కొలది దానిలో కలిసియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించదు. అలసిన చేపకు కావలసిన దెక్కువ, దొరకున దింకను తక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నమున అరగంట ఆడించి, పొడిచేతులతో పట్టి, ఛాయాచిత్రములు తీసి విడిచిన బొచ్చె, మన కంటి యెదుట ఈదిపోయినను, సాయంకాలమునకు వెల్లకిల తేలుట మేము చూచితిమి. విడువదలచినవారు చేతులు తడుపుకొనవలెను. పొడిచేయి చేప మీది జిగురును ఊడ్చివేయును, ఆ జిగురే దానికి కవచము. ముల్లు లేని గాలము వాడవలెను. సాధ్యమైనంతవరకు నీటిలోనే గాల మూడదీయవలెను. ఎండలో నైతే విడుచుటకంటె అసలు వేయకుండుటయే మేలు.

తప్పక విడువవలసిన చేప యొకటి గలదు. వానలు పడిన పిమ్మట చెఱువు అంచులలో, తుంగ మధ్య, ఎఱ్ఱని చిన్న పిల్లలు గుంపుగ నీటిపై కదలుచుండుట చూచియుందురు. అవి కొఱ్ఱమట్ట పిల్లలు. వాటి క్రింద తల్లిదండ్రులు కాపలా కాయుచుండును. ఆ గుంపు దగ్గఱకు ఏ కప్ప వచ్చినను, ఏ ఎఱ పడినను, ఆకలితో కాక కోపముతో మీద పడి కొఱుకును. గాలగాండ్రకు ఈ సంగతి బాగుగ తెలియును. సులభముగ దొరకునని అచ్చటనే ఎఱ వేయుదురు. మేము కూడ ఒకప్పుడు వేసితిమి. తల్లిదండ్రులు పోయిన గుంపును పరకలు, కప్పలు, కొంగలు ఒక్క పూటలో ముగించును. ఒక్క కొఱ్ఱమట్ట కొఱకు ఒక చెఱువు మూలయందలి కొఱ్ఱమట్టల నన్నిటిని చెల్లించినట్లగును.

ఇక విడువరానివి కూడ ఉన్నవి. మనవారు జిలేబి చేప యని పిలుచు తిలాపియా 1952లో మన దేశమునకు వచ్చినది. గ్రుడ్లను, పిల్లలను నోటిలోనే దాచుకొని పెంచును గనుక ఎక్కడ పడిన నక్కడ నిండిపోవును. ఆఫ్రికా నుండి వచ్చిన పెద్ద మార్పు జాతి ఇంకను ప్రమాదకరము. కనబడిన చేపనెల్ల మ్రింగును. ఇవి గాలమునకు చిక్కినచో దయ చూపి మఱల నీటిలో వేయుట తక్కిన చేపలపై నిర్దయ. జిలేబి వేపుడునకు మంచిదే.

ఇప్పుడు మా పద్ధతి చెప్పి ముగింతుము. బయలుదేరుటకు ముందు రాత్రి మేము కుండలు లెక్కింతుము. రేపు ఎన్ని యిండ్లలో చేప వండుదురో ముందుగ అడుగుదుము. ఆ యిండ్లకు సరిపడ దొరకిన క్షణమున గాలములు చుట్టివేయుదుము. చేపలు బాగుగ కొఱుకుచున్న వేళ చుట్టివేయుట యెంత కష్టమో గాలము పట్టినవారికే తెలియును. మాలో నొకరు ఈ నియమమును గూర్చి నేటికిని గొణుగుచునే యుందురు. కట్టమీదనే చీల్చి శుభ్రపఱచి, మోదుగ ఆకులపై పాళ్ళు వేయుదుము. మొదటి పాలు సంఘమువారిది. కాపలాదారు చేతికిచ్చిన తరువాతనే మా పాళ్ళు కదలును. పట్టినవానికి వేరుగ పెద్ద పాలు లేదు; పెద్ద చేప తల మాత్రము వానిది. ఎవనికి చేప చిక్కలేదో వాడు పాళ్ళు వేయును, చివఱి పాలు వాడు తీసికొనును. కావున వాని చేత పాళ్ళు ఎప్పుడును సమానముగనే వచ్చును. తొమ్మిది గంటలకు ఊరిలో నుందుము.

పసుపు చేను గట్టున మేము గుంట త్రవ్వినప్పుడు ఆ త్రోవన పోయిన ముసలివాని యిల్లు మాకు తరువాత తెలిసినది. మొదటిసారి పాలు తీసికొనిపోయినపుడు ఆతడు ఆకు విప్పి, వ్రేలితో ముక్కను నొక్కి చూచెను. గుంట పడలేదు. లోపలికి తిరిగి, చింతపండు నానవేయుమని కోడలిని కేక వేసెను.